దిమ్మ కింద

ట్రాక్టర్ వెనక చక్రాల మధ్య గోనెసంచి పరుచుకొని కనకమ్మ వెల్లకిలా పడుకుంది. చీర గోచీ పోసి కట్టి, పైన పోచయ్య పాత చొక్కా తొడుక్కుంది. మోకాళ్లు మడిచి రెండు పాదాలనూ ఇనుప దిమ్మ అడుగున ఆనించింది. రాత్రి మంచుకు ఇనుము చల్లబడి, అరికాళ్లు జివ్వుమన్నాయి.

"ఎవలన్న వస్తున్నరా?" పోచయ్య పైనుంచి గొంతు తగ్గించి అడిగాడు.

"నేను కిందున్న. నాకేం కనవడ్తది? నువ్వే సూడు."

పోచయ్య చుట్టూ చూశాడు. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. అద్దాల మేడ పరంజా మీదికి ఇంకా ఎవరూ ఎక్కలేదు. అవతల కూలీల రేకుల షెడ్ల దగ్గర పొయ్యిల పొగ మాత్రం లేస్తోంది. మాదాపూర్ గుట్టలు పగలగొట్టే కంప్రెసర్ ఏడింటికి గానీ మొదలు కాదు. ఈలోగా పని అయిపోవాలి.

"ఎవ్వలు లేరు. పట్టినవా?"

"పట్టిన. కొట్టు."

ఆ దిమ్మ ట్రాక్టర్ వెనక ఉండే కొక్కెం. నీళ్ల ట్యాంకర్‌ను లాగాలంటే అది ఉండాలి. ట్యాంకర్ ముందుండే కడియం దాని నోట్లోకి దూరి నిలుస్తుంది. అయితే నేల దున్నాలంటే అదే అడ్డం. దిమ్మను పట్టి ఉంచే ఇనుప చెవుల్లోనే దున్నే గొర్రు తాలూకు రెండు చేతులూ పెట్టాలి. ట్యాంకర్ నుంచి గొర్రుకు, గొర్రు నుంచి ట్యాంకర్‌కు మారిన ప్రతిసారీ దిమ్మ దిగాలి, మళ్లీ ఎక్కాలి. ట్రాక్టర్‌తో వచ్చిన చిన్న కొక్కెం ఏనాడో అరిగిపోతే, ఓనరు తిమ్మప్ప జీడిమెట్లలో ఒక లేతు మిషను వాడితో దీన్ని చేయించాడు. ఇక జన్మలో అరగకూడదు అనుకున్నాడో ఏమో, సిమెంటు బస్తా కన్నా బరువుగా చేయించాడు.

పోచయ్య ఎడమ చేత్తో సుత్తి ఎత్తి ఎడమ పక్క పిన్నును కొట్టాడు. నాలుగో దెబ్బకు అది ఊడి మట్టిలో పడింది. బరువంతా ఒక్కసారిగా కనకమ్మ కుడికాలి మీదికి వచ్చింది. ఆమె పళ్లు బిగపట్టింది.

అసలు భయం బరువుతో కాదు. ఒక చెవి విడవగానే దిమ్మ తిన్నగా కిందికి రాదు, రెండో పిన్ను మీద గిర్రున ఊగుతుంది. ఊగితే కింద పడుకున్నవాళ్ల మోకాళ్ల మీదికి, పొట్ట మీదికి వస్తుంది. అది ఊగకుండా పైనున్న మనిషి దాని నోరు గట్టిగా పట్టుకోవాలి. అందుకే పోచయ్య ఎడమ చేత్తో సుత్తి వేస్తూ కుడిచేత్తో దిమ్మ నోరు పట్టుకుంటాడు. దసరా ముందు బండరాయి మీద ముందు చక్రం ఎక్కి, స్టీరింగు గిర్రున తిరిగి కొట్టింది ఆ చేతినే. మణికట్టు వాపు తగ్గింది గానీ సత్తువ తిరిగి రాలేదు.

"ఎత్తనీకె రాదు గని, పట్టనీకె వస్తది," అన్నాడు అప్పుడు పోచయ్య. అన్నం కలుపుకుంటున్నాడు, బీడీ పట్టుకుంటున్నాడు, స్టీరింగు తిప్పుతున్నాడు. కనకమ్మ నమ్మింది. ఎత్తే పని తన మీద వేసుకుంది. చేతులతో తన వల్ల కాలేదు. నాలుగు రోజులు కిందా మీదా పడ్డాక పడుకొని కాళ్లతో మోయవచ్చని కనిపెట్టింది.

కుడి పిన్ను ఊడింది. దిమ్మ ఒక జానెడు పక్కకు జారి ఆమె ముంగాలిని గీరుకుంటూ ఆగింది.

"పట్టుకోవేంది?"

"పట్టుకున్న. పిన్ను మొండిది, జిద్దు చేసింది. మెల్లగ దించు."

ఆమె మోకాళ్లు కొద్దికొద్దిగా మడుస్తూ దిమ్మను గోనెసంచి మీదికి దించింది. ఆ తర్వాత గొర్రు చేతులు తగిలించడం లెక్కలోది కాదు. అవి తేలిక. కనకమ్మ లేచి చీర దులుపుకొని, చొక్కా గుండీలు పెట్టుకొని, బిందె తీసుకొని సంపు దగ్గరికి నడిచింది. ఎవరైనా చూస్తే నీళ్లకు వచ్చిందనుకోవాలి.

ఇలా నెల దాటింది. తిమ్మప్పకు తెలిస్తే ట్రాక్టర్ వేరేవాడికి పోతుంది. ట్రాక్టర్‌తో పాటే సంపు పక్కనున్న రేకుల గది కూడా పోతుంది. కొండాపూర్ సర్కారు బడిలో చదువుతున్న ఇద్దరు పిల్లల్ని వెంటేసుకొని మళ్లీ పాలమూరు బస్సెక్కాలి. ఈ సంగతి మొగుడూ పెళ్లాలు రోజూ చెప్పుకోరు. రోజూ చెప్పుకోనక్కర్లేదు కూడా.

ఆ పొద్దున్నే పదింటికి ఇంజనీర్ భరత్ వచ్చాడు. పాతికేళ్లవాడు, నడుముకు పేజరు, చేతిలో చుట్టిన డ్రాయింగు. శనివారం మేడ ప్రారంభం. మేడ ముందు ఎర్రమట్టి పోసిన జాగా ఇంకా గట్టులు గట్టులుగానే ఉంది.

"పోచయ్యా, శుక్రవారానికి ఇదంతా పచ్చగా కనపడాలి," అన్నాడు. "నర్సరీ నుంచి గడ్డి చాపలు రేపట్నుంచి వస్తాయి. పొద్దున పదింటి దాకా ట్యాంకర్ తోలు. పది నుంచి మూడింటి దాకా దున్ను. మళ్లీ ట్యాంకర్. పరిచిన గడ్డికి నీళ్లు లేకపోతే ఎండిపోతుంది."

"రోజుకు రెండు మార్లు మార్చాల్నా సార్?"

"అరగంట పని కదా. రోజూ నువ్వే కదా మారుస్తున్నావు?"

పోచయ్య తలూపాడు. పక్కన తిమ్మప్ప నిలబడి ఉన్నాడు. అనంతపురం వైపు వ్యవసాయం చేసి, వానలు లేక విసిగి, ట్రాక్టర్‌తో సహా ఇక్కడికి వచ్చి నీళ్లూ తోటల కాంట్రాక్టులు పట్టుకున్న మనిషి. చెడ్డవాడేం కాదు. పని ఆగితే మాత్రం మనిషిని మరిచిపోతాడు.

"మావాడు ఒక్కడే ఇప్పి పెడ్తాడు సార్, ఎవుర్నీ పిలవడు," అన్నాడు తిమ్మప్ప గొప్పగా. దూరంగా బిందెతో నిలబడ్డ కనకమ్మకు ఆ మాట వినిపించింది. ఒక్క క్షణం నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. రేపు పదింటికి అందరూ చూస్తుండగా తను ఎలా పడుకోవాలి?

మంగళవారం పదయ్యేసరికి లాన్ జాగా అంతా జనమే. కూలీల షెడ్లలో ఉండే అంజమ్మతో పాటు ఎనిమిదిమంది ఆడవాళ్లు లారీ నుంచి గడ్డి చాపలు దించుతున్నారు. పోచయ్య ట్యాంకర్ విడిపించి ట్రాక్టర్‌ను గొర్రు దగ్గరికి తెచ్చాడు. కనకమ్మ గోనెసంచి పట్టుకొని నడిచింది. పోచయ్య ఆమెను చూశాడు, ఆమె వెనక వస్తున్న తిమ్మప్పనూ భరత్‌నూ చూశాడు.

"నువ్వెందుకొస్తున్నవ్?" అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "ఆడిదానివి, ఈడ నీకేం పని? పో."

కనకమ్మ రెండడుగుల దూరంలో ఆగిపోయింది. పోచయ్య గొంతుక్కూర్చొని దిమ్మ కింద ఎడమ మోకాలు పెట్టాడు. ఎడమ పిన్ను ఊడగొట్టాడు. కుడి పిన్ను రాలేదు. మళ్లీ కొట్టాడు. కనకమ్మకు అంతా కనిపిస్తోంది. మోకాలు వణుకుతోంది, దిమ్మ నెమ్మదిగా తిరుగుతోంది. ఆపుదామని ఆమె చెయ్యి చాపి దిమ్మ నోరు అందుకోబోయింది. చెయ్యి తగిలిందో లేదో, పిన్ను ఊడి దిమ్మ ఊగి, పక్కన పేర్చిన నీళ్ల పైపుల కట్ట మీద పడింది. నాలుగు పైపులు ఫెళ్లున పగిలాయి.

తిమ్మప్ప పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందప్పా?"

పోచయ్య కనకమ్మ వైపు చూశాడు. ఆ చూపు ఒక్క రెప్పపాటే. తర్వాత తల తిప్పుకున్నాడు.

"ఇది అడ్డమొచ్చింది సారూ. వద్దంటె ఇనకుంట చెయ్యి వెట్టింది."

ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. అందరూ ఆ చెయ్యినే చూశారు.

"నీకేం పనమ్మా మిషన్ల కాడ?" అన్నాడు తిమ్మప్ప. "కాలో చెయ్యో పోతే ఎవురు జవాబు చెప్పల్ల? రేప్పొద్దున్నుంచి ట్రాక్టర్ కాడికి రావాకు. గడ్డి పరిచేకాడికి పో. పోచయ్యా, రేపు నీకు తోడు శేఖర్‌ను పంపిస్తా."

ఆ పూటకు స్లాబు పని నుంచి ఇద్దరు కూలీలను పిలిచి గొర్రు కట్టించాడు. వాళ్లు విసుక్కుంటూనే కట్టి పోయారు. కనకమ్మ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకొని అంజమ్మ పక్కకు వెళ్లి కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఏడవలేదు. ఎర్రమట్టి మీద గడ్డి చాప పరిచి అంచులు అదుముతూ కూర్చుంది.

"నీకెందుకు చెప్పు గా ఇనుముతోని?" అంది అంజమ్మ.

"అవు," అంది కనకమ్మ.

సాయంత్రం గదిలో పోచయ్య తనే మాట కదిపాడు.

"అట్ల అనకపోతె ఏమనాలె చెప్పు. నా చెయ్యి సంగతి బయటవడదా?"

"అందరి ముంగట నా మీదికి తోస్తివి."

"గది పోతది. పొరగాళ్ల బడి పోతది. నీకెర్కలేదా?"

ఎరుకే. అందుకే ఆమె మింగేసింది. ఒక మాట పడితే ఏమైంది, గది మిగిలింది అనుకుంది. అయినా అన్నం సహించలేదు. పిల్లలకు పెట్టి, తను మంచినీళ్లు తాగి పడుకుంది.

బుధవారం శేఖర్ వచ్చాడు. అతను తిమ్మప్ప దగ్గర సిమెంటు కలిపే మిక్సరు నడుపుతాడు, కరీంనగర్ వైపు మనిషి, పెళ్లై ఏడాదైంది. పని వస్తే ఎగబడి చేస్తాడు, నోరు కూడా ఊరుకోదు.

"ఒక్కనివే ఎట్ల విప్పుతున్నవే అన్నా దీన్ని?" అన్నాడు దిమ్మను తట్టి చూస్తూ.

"కింద ఒకలు పండుకొని కాళ్లతోని మోయాలె. చేతులతోని గాదు. కాళ్లకు సత్తువ ఎక్కువుంటది."

"అబ్బ, మంచి ఉపాయం తీసినవ్. నీ తెలివి తెలివే."

నాలుగడుగుల దూరంలో గడ్డి పరుస్తున్న కనకమ్మ ఆ మాట విని తల ఎత్తలేదు. ఒళ్లు మండింది. నడుం విరగ్గొట్టుకొని తను కనిపెట్టిన పని మొగుడి తెలివిలో కలిసిపోయింది. ఒకడు పండుకొని ఒకడు పిన్ను కొట్టే పనిని ఒక్కడే ఎలా చేసేవాడు అన్న ప్రశ్న మాత్రం శేఖర్‌కు తట్టలేదు.

శేఖర్ చక్రాల మధ్యకు దూరి వెల్లకిలా పడుకున్నాడు. పొడుగు కాళ్లు, పాదాలు దిమ్మకు బాగా ఆనాయి. భరత్ గడియారం చూసుకుంటున్నాడు. తిమ్మప్ప గొర్రు పక్కన నిలబడ్డాడు.

"అన్నా, నోరు గట్టిగ పట్టుకో. ఊగిందంటె సక్కగ నా కడుపు మీదికే వస్తది."

"పట్టుకున్న."

పోచయ్య కుడిచెయ్యి దిమ్మ నోటి మీద వేశాడు. ఎడమ చేత్తో సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బ. రెండో దెబ్బ. పిన్ను సగం దాకా వచ్చింది. మూడో దెబ్బకు ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగింది.

"కొట్టవేందే?" అన్నాడు శేఖర్ కిందనుంచి.

పోచయ్య సుత్తి దించాడు. చెమట కణతల మీదుగా మెడలోకి కారింది. సగం వచ్చిన పిన్నును సుత్తితో తిరిగి లోపలికి కొట్టాడు.

"శేఖర్, బయటికి రా."

"ఏమైంది?"

"బయటికి రా అంటున్న గద."

శేఖర్ పాక్కుంటూ బయటికి వచ్చాడు. పోచయ్య తిమ్మప్ప వైపు తిరిగాడు. కుడిచెయ్యి ముందుకు చాపాడు, అప్పగిస్తున్నట్టు.

"ఈ చేతిల పట్టు లేదు సారూ. ఎత్తనీకె రాదు, పట్టనీకె రాదు. బరువు పడ్తె వేళ్లు వాటంతట అవే విచ్చుకుంటయి. పిలగాడు కిందున్నడు. నాతోని కాదు."

తిమ్మప్ప ఆ చేతి వైపు చూశాడు.

"ఎప్పట్నుంచప్పా?" అన్నాడు.

"దసరా కాడి నుంచి."

"అయితే ఇన్నాళ్లూ ఎవురు ఇప్పినారు?"

పోచయ్య గడ్డి పరుస్తున్న వైపు చూపించాడు. "అదే పండుకొని మోసింది. నిన్న గూడ దాని తప్పు లేదు సారూ. నా మోకాలే ఇడిసింది."

ఎనిమిదిమంది ఆడవాళ్లూ కనకమ్మ వైపు తిరిగారు. ఆమె మట్టి చేతులతో అలాగే కూర్చుంది. నిన్నటి నింద పోయింది, అది సంతోషమే. ట్రాక్టర్ పోతుందన్న భయం వెనకే వచ్చింది.

తిమ్మప్ప కాసేపు తిట్టాడు. చెప్పకుండా నడుపుతావుంటివా, పైపులు పోయినాయి, మనిషి పోయుంటే నేనేం చేద్దును అన్నాడు. తిట్టడం అయ్యాక నెత్తి గోక్కున్నాడు. శనివారం దగ్గర పడింది, కొత్తవాళ్లను వెతికే టైం లేదు.

"శేఖరూ, నువ్వు ట్రాక్టర్ ఎక్కు. నీకు తోలేది వచ్చు గదా. కనకమ్మా, ఇంత కాలం చేసినదానివి, నువ్వే తోడుండు. గది మీకే ఉంటాది. పోచయ్యకు గేటు కాడ వాచ్‌మన్ పని చూస్తా."

ఆ పూట దిమ్మ దించిందీ కనకమ్మే. కింద ఆమె, పైన శేఖర్. శేఖర్ కుడిచెయ్యి దిమ్మ నోరు పట్టుకుంది. పిన్నులు రెండూ ఊడాయి. దిమ్మ ఒక్క అంగుళం కూడా పక్కకు కదలలేదు. అది అంత నిలకడగా ఉండడం ఆమెకు కొత్తగా తోచింది. ఆ కొత్తదనం ఏమిటో అప్పుడు ఆలోచించలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ పోచయ్యనే పొగిడారు. నౌకరీ పోతుందని తెలిసీ నిజం చెప్పాడన్నారు. "గసుంటి మనిషి దొరుకుతడా? పెట్టి పుట్టినవ్," అంది అంజమ్మ కనకమ్మ భుజం మీద చెయ్యేసి. కనకమ్మకూ అలాగే అనిపించింది. దూరంగా గేటు దగ్గర ఒక్కడే కూర్చున్న మొగుణ్ని చూసి జాలేసింది, గర్వంగానూ ఉంది. తన టిఫిన్ గిన్నెలో పచ్చిపులుసు తీసుకెళ్లి అతని పళ్లెంలో పోసింది.

సాయంత్రం దీపాల వేళకు శేఖర్ గదికి వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు చెప్పకపోతె ఇయ్యాల నా పని అయిపోతుండె. ఇంటిదానికి చెప్పిన. నీకు దండం పెట్టి రమ్మన్నది."

"గదేం మాట. నీ పానం ఖరాబయితె నాకు నిద్ర వడ్తదా?" అన్నాడు పోచయ్య.

శేఖర్ వెళ్లిపోయాడు. కనకమ్మ పొయ్యి ముందు కూర్చొని రొట్టె కాలుస్తోంది. పెనం మీద రొట్టె ఒక పక్క మాడింది. ఆమె తిరగెయ్యలేదు.

"దసరా కాడి నుంచా?" అంది.

"ఏంది?"

"పట్టు లేనిది."

పోచయ్య బీడీ కట్ట వెతుక్కున్నాడు. "ఆ."

"ఎత్తనీకె రాదు గని పట్టనీకె వస్తదని నాకు చెప్తివి."

బయట పిల్లలు సంపు గోడ మీద కూర్చొని ఎక్కాలు అప్పజెప్పుకుంటున్నారు. కనకమ్మ పెనం దించింది. చెయ్యి కాలింది, పట్టించుకోలేదు. నెల రోజులు తన పొట్ట మీదికి ఊగకుండా ఆ దిమ్మను నిజంగా పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. ముంగాలు గీరుకుపోయినప్పుడల్లా పిన్ను జిద్దు చేసిందన్నాడు. తను నమ్మి, మరునాడు మళ్లీ గోనెసంచి పరుచుకుంది.

"శేఖర్ కింద పండుకుంటె కొట్టనీకె చెయ్యి రాలేదు నీకు. ఒక్క దినం గూడ తట్టుకోలేకపోతివి. నేను పండుకుంటె ఎట్ల వచ్చింది?"

పోచయ్య బీడీ కట్ట పక్కన పెట్టాడు. అబద్ధం చెప్పవచ్చు. ఆ రోజు అతని దగ్గర అబద్ధాలు అయిపోయినట్టున్నాయి.

"చెప్తె నువ్వు పండుకోకపోదువు," అన్నాడు.

కనకమ్మ ఆ మాటను లోపల తిప్పి చూసుకుంది. అతను తప్పు అనుకున్నాడు. చెప్పినా తను పండుకునేదే. గది కోసం, పిల్లల బడి కోసం, ఆ చెయ్యి కోసం కూడా పండుకునేదే. ఇంత కాలం కాపురం చేసి అతనికి ఆ మాత్రం తెలియలేదు. ఆమె దుఃఖం ఊగే దిమ్మ గురించి కాదు.

ఆమె మాడిన రొట్టె తను తీసుకొని, మంచివి పిల్లలకూ అతనికీ వేసింది. ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు.

గురువారం పదింటికి శేఖర్ ట్రాక్టర్ తెచ్చి నిలిపాడు. సుత్తి తీసుకొని దిగాడు. కనకమ్మ గోనెసంచి పరిచింది. పడుకోవడానికి వంగి, ఆగింది. మొగుడు గేటు దగ్గర కర్ర పట్టుకొని ఇటే చూస్తున్నాడు.

"శేఖర్, ముందుగాల దిమ్మ కింద చెక్కలు పేర్చు. అటు ఇటు. ఊగినా వాటి మీదనే పడాలె. పేర్చినంక నేను పండుకుంట."

శేఖర్ ఎందుకని అడగలేదు. సుత్తి కింద పెట్టి, స్లాబు పక్కన పడి ఉన్న సెంట్రింగ్ చెక్కల్లో నాలుగు మందమైనవి ఏరి భుజాన వేసుకొచ్చాడు. దిమ్మకు అటూ ఇటూ రెండు వరసలు పేర్చి, చేత్తో కదిపి చూసి, "ఇగ పండుకో వదినె," అన్నాడు.

చెక్కలు తెచ్చి పేర్చడానికి అంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది.